ఖాళీ రాడ్డు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



కార్యదర్శి గారు ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. ఇంటర్ అయ్యాక 1989లో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ లో సాపర్ గా చేరి, 2017లో సుబేదార్ గా పెన్షన్ వచ్చాను. కాబట్టి నాకు తెలిసిన ఒక్క సంగతే చెప్తాను. అది బరువులెత్తడం. దానివల్ల కండలొస్తాయని అందరికీ తెలుసు. బుర్రకి ఏమొస్తుందో చెప్పాలని నా ప్రయత్నం.

మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు పండగల్లో సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు పెడతారు. గుండెల మీద ఏనుగును మోసిన కోడి రామ్మూర్తి నాయుడు గారు మా ప్రాంతంలోని వీరఘట్టంలోనే పుట్టారు. ఆయన కథలు వింటూ పెరిగినవాడికి బలం అంటే నలుగురి ముందూ చూపించేదే అనిపిస్తుంది. నాకూ అంతే.

ఆ పిచ్చి 1994లో మా యూనిట్ పోటీల్లో వదిలింది. స్నాచ్ లో ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. ఒకసారి బరువు చెప్పి ప్రయత్నించాక తగ్గించుకునే వీలుండదు. ప్రాక్టీసులో నేను 70 కిలోలు ఎత్తేవాణ్ణి. దోస్తులు చప్పట్లు కొట్టారని 80 పెట్టించాను. మూడుసార్లూ పడేశాను. పేరు పక్కన సున్నా. తమిళ ఉస్తాద్ ఒకాయన ఉండేవారు. తిట్టలేదు. మర్నాటి నుంచి వారం రోజులు నాచేత ఎత్తించడం మానిపించి, పడెయ్యడం నేర్పారు. రాడ్డు తల మీదకి వచ్చి ఆగనప్పుడు చేతులు ఎలా వదలాలి, కాలు ఎటు తియ్యాలి, ఇదే పాఠం. ఎత్తడం రాకపోతే ఓడిపోతావు, వదలడం రాకపోతే మెడ విరుగుతుంది అనేవారు. అప్పుడు నాకది అవమానంగా ఉండేది.

2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి గారు 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్స్ లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆవిడే, అదీ మా జిల్లా ఆడపడుచు. బ్యారక్ లో మిఠాయి పంచాం. ఆఖరి ప్రయత్నంలో ఆవిడ 137.5 అడిగారు, అది నిలవలేదు. బంగారం గెలిచిన చైనా అమ్మాయి మొత్తం 242.5. తేడా రెండున్నర కిలోలే. అయినా ఆవిడ పతకం తీసుకుని నవ్వుతూ నిలబడ్డారు. సున్నా తెచ్చుకుని నెల రోజులు ముఖం చాటేసిన నాకు ఆ నవ్వు గట్టిగా తగిలింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మన కుటుంబాల మధ్య కాబట్టి చెప్తున్నాను.

బెయిలీ బ్రిడ్జి ప్యానెల్ ఒక్కొక్కటి దాదాపు 260 కిలోలు. ఆరుగురం కలిసి పట్టి ఎత్తేవాళ్లం. ఇరవై ఎనిమిదేళ్లు నాకు పక్కన ఎప్పుడూ అయిదుగురు ఉన్నారు. 2017లో బెంగుళూరులో ఇల్లు చేరాక ఒక్కడూ లేడు. తెల్లవారి నాలుగున్నరకే మెలకువ. చెయ్యడానికి పనేమీ లేదు. అల్మరాలో బట్టలు సరిగ్గా లేవని మావాడి మీద అరవడం, సాయంత్రం క్యాంటీన్ రమ్ము, రాత్రి నిద్ర పట్టకపోవడం. ఒకరోజు మా ఆవిడ, "ఏవండీ, ఇది ఇల్లండీ, యూనిట్ కాదు" అంది. మావాడైతే నేను హాల్లోకి వస్తే తన గదిలోకి పోయేవాడు. రెండేళ్లు అలాగే గడిచాయి.

2019లో సుగర్ హద్దు మీద ఉందని ఇ.సి.హెచ్.ఎస్. లో డాక్టరమ్మ చెప్తే, వీధి చివర జిమ్ కి వెళ్లాను. అక్కడి కోచ్ అనంతపురం కుర్రాడు, పాతికేళ్లుంటాయి. నేను ఆర్మీ అని, పాత లిఫ్టర్ నని చెప్పి ప్లేట్లు అందుకోబోయాను. "అంకుల్, ఈ నెలంతా ఖాళీ రాడ్డే" అన్నాడు. ఖాళీ రాడ్డు అంటే 20 కిలోలు. సుబేదార్ సాబ్ కి ఎంత కోపం రావాలో అంతా వచ్చింది. ఎత్తి చూస్తే పన్నెండోసారికి మోకాళ్లు వణికాయి. కోపం దానంతటదే దిగిపోయింది.

బరువు పెరిగేకొద్దీ ఒకటి గమనించాను. మోయగలిగిన దానికి అంచుల్లో ఉన్న బరువు భుజాల మీద ఉన్నప్పుడు, పెన్షన్ లెక్కలు, ఎవడో నమస్కారం పెట్టలేదన్న బాధ, ఏవీ గుర్తుకు రావు. ఊపిరి, నడుము, పాదాలు, అంతే. ఆ అరనిమిషం బుర్రకి సెలవు. ఇంటికొచ్చాక ఒళ్లు అలిసి నిద్ర పట్టేది. రమ్ము మానేస్తానని నేను ఏ ఒట్టూ పెట్టుకోలేదు. పొద్దున్నే స్క్వాట్స్ ఉన్నాయంటే ముందురోజు రాత్రి తాగబుద్ధి అయ్యేది కాదు. నోటుబుక్కులో రోజూ అంకెలు రాసుకునేవాణ్ణి. ఆర్నెల్లకి రెండున్నర కిలోలు పెరిగినా అది నాదే, ఎవరూ ఇచ్చిన ప్రమోషన్ కాదు. ఎత్తలేని రోజు ఉస్తాద్ నేర్పినట్టు వదిలేసి, అయిదు కిలోలు తగ్గించి మళ్లీ మొదలు. ఇంట్లో మాట పెరుగుతున్నప్పుడు కూడా వదలడం కొంచెం అలవాటైంది. కొంచెమే, మా ఆవిడ ఇక్కడే కూర్చుంది కాబట్టి ఎక్కువ చెప్పుకోలేను.

బరువుల వ్యాయామం దిగులును తగ్గిస్తుందని పరిశోధనల్లో కూడా తేలింది. వారంలో కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అలాగని ఇది అన్నిటికీ మందు కాదు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చేవాళ్లు, తాగుడు చెయ్యి దాటినవాళ్లు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అందులో తలవంపులు లేవు. బి.పి., గుండె జబ్బు ఉన్నవాళ్లు పరీక్ష చేయించుకోకుండా రాడ్డు ముట్టుకోవద్దు. ఎత్తేటప్పుడు ఊపిరి ఎప్పుడు తియ్యాలో, ఎప్పుడు వదలాలో తెలిసినవాడి దగ్గర నేర్చుకోండి. ఎముకలు గట్టిపడతాయి కాబట్టి ఆడవాళ్లకి ఇది మరీ అవసరం. మా ఆవిడకి చెప్తే, "ముప్ఫయ్యేళ్లు నీళ్ల బిందెలు ఎత్తింది చాలదా?" అంది. జవాబు దొరకలేదు. ఇప్పుడు మాత్రం చిన్న డంబెల్స్ పట్టింది.

మావాడి సంగతి చెప్పి ముగిస్తాను. 2021లో ఒక ఆదివారం పొద్దున వాడే షూస్ వేసుకుని నా వెనకాల వచ్చాడు. ఏం మాట్లాడలేదు. ఆ రోజు 80 కిలోల స్క్వాట్ లో నాలుగోసారికి నేను కింద ఇరుక్కుపోయాను. వెనక నుంచి వాడి చేతులు వచ్చాయి. ఎత్తలేదు, ఊరికే ఆనించాడు. "నాన్నా, లే, నేనున్నాను" అన్నాడు. లేచాను. రాడ్డు స్టాండు మీద పెట్టాక ఇద్దరం ఒకే సీసాలో నీళ్లు తాగాం. ఇప్పటికీ ఆదివారాలు కలిసే వెళ్తాం. వాడు నాకంటే ముప్ఫై కిలోలు ఎక్కువ ఎత్తుతున్నాడు, మధ్యలో అల్మరా సర్దుకోవడం మాత్రం ఇంకా రాలేదు.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. మాది పొద్దున ఆరు గంటలకి. ఎవరైనా రాదలచుకుంటే భోజనాల దగ్గర నన్ను కలవండి. ఖాళీ రాడ్డు ఒకటి ఎప్పుడూ ఉంటుంది.

జైహింద్.