డచ్చి టోపీకి పొందూరు బట్ట
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "ఇంజినీరువి కదా, ఏదైనా నీ రంగం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. యూరప్ ఆడవాళ్లు పూర్వం పెట్టుకున్న టోపీల గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత "సరే, పది నిమిషాలు" అన్నాడు. మిగతా పది నిమిషాలూ నేను దౌర్జన్యంగా తీసుకోబోతున్నాను, మన్నించాలి.

సంగతేమిటంటే, నేను పంపుల కంపెనీ ఉద్యోగం మీద పన్నెండేళ్లు నెదర్లాండ్స్‌లో ఉన్నాను. మేమున్నది చిన్న ఊరు. చలికాలం నాలుగున్నరకే చీకటి. నేను ఆఫీసుకి పోతే మా ఆవిడకి గోడలే దిక్కు. ఆవిడ విజయనగరం మనిషి, కుట్టుపని వచ్చు. పక్కింటి ముసలావిడ ఒకరోజు చెయ్యి పట్టుకుని తమ కుట్టుబృందానికి తీసుకుపోయింది. ఆ ఊళ్లో చిన్న మ్యూజియం ఉంది. అందులో రెండు వందలు, మూడు వందల ఏళ్ల నాటి ఆడవాళ్ల టోపీలున్నాయి. అంత పాత బట్టని తలకి పెట్టడానికి లేదు, ఎండ తగలనివ్వరు, ఉతకనివ్వరు. అందుకని వాటిని చూసి, కొలిచి, పోగులు లెక్కపెట్టి, అచ్చం అలాంటివే చేత్తో కుడతారు. అవి పెట్టుకుని పండగ రోజుల్లో మ్యూజియం చూపిస్తారు.

నకలు వేరు, నకిలీ వేరు. మన తహసీల్దారు ఆఫీసులో అడంగల్ నకలు తీసుకుంటాం చూడండి, అసలులో ఉన్న ప్రతి అక్షరమూ అందులో ఉండాలి. ఈ టోపీల పనీ అంతే. మిషను మీద కుడితే చూడ్డానికి అలాగే ఉంటుంది గాని అది నకిలీ. సూది, దారం, కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం, అంచు మడిచిన తీరు, అన్నీ అసలులాగే ఉంటేనే నకలు. లండన్‌లోనూ అమెరికాలోనూ ఇదే వృత్తిగా బతుకుతున్నవాళ్లున్నారు. అమెరికాలో విలియమ్స్‌బర్గ్ అనే పాత ఊళ్లో ఒక దుకాణమే ఉంది, అక్కడ 18వ శతాబ్దపు పద్ధతిలో కూర్చుని టోపీలు కుడుతుంటారు.

ఆడవాళ్లకి అంత టోపీ ఎందుకని అడుగుతారు. పెళ్లయిన ఆడది జుట్టు కప్పుకోవాలన్న మత నియమం ఒకటి. రెండోది శుభ్రత. ఆ చలిలో తలంటు అంటే మాటలా? మనకి కుంకుడుకాయలూ ఉన్నాయి, ఎండా ఉంది. వాళ్లకి జుట్టు ఉతుక్కోవడం కష్టం, టోపీ ఉతుక్కోవడం తేలిక. అందుకే ఆ టోపీల్లో చాలావాటికి మెడ దగ్గర నాడా ఉంటుంది. నాడా వదులు చేస్తే టోపీ దాదాపు బల్లపరుపుగా పరుచుకుంటుంది, ఇస్త్రీకి అనువు. ఇది చూశాకే నాకు వాటి మీద గౌరవం పుట్టింది. ఆ నాడా పెట్టింది ఎవరో గాని మెకానికల్ బ్రాంచి బుర్ర!

అంతకంటే గొప్పది స్వీడన్ సెయింట్ బిర్గిట్టా టోపీ అని పేరుపడినది. ఆవిడ 1373లో పోయారు. నెదర్లాండ్స్‌లోనే ఉడెన్ అనే ఊళ్లో దాచిపెట్టారు దాన్ని. అవిసెనార బట్ట. రెండు ముక్కలు, నడినెత్తిన వల అల్లినట్టు దారంతో కలిపారు. కింద అంచుకి పొడుగాటి పట్టీ ఒక లూపులా ఉంటుంది. దాన్ని మెడ వెనక మెలితిప్పి నెత్తి మీదికి తెస్తే చాలు, తుపాను గాలికి కూడా ఊడదు. పిన్ను లేదు, గుండీ లేదు. మా ఆవిడ మొదట కుట్టిన నకలు అదే. ఆ నడినెత్తి అల్లిక ఒక్కదానికే పదకొండు సాయంత్రాలు పట్టింది.

అవిసెనార టోపీల వరకూ ఇబ్బంది లేదు, ఆ బట్ట యూరప్‌లో దొరుకుతుంది. చిక్కు వచ్చింది 18వ శతాబ్దం దగ్గర. అప్పటికి అక్కడి ఆడవాళ్లకి మన దేశపు సన్న నూలుబట్ట మీద మోజు పట్టుకుంది. 1783లో ఫ్రాన్స్ రాణి మేరీ ఆంత్వానెత్ తెల్ల మస్లిన్ గౌనులో బొమ్మ గీయించుకుంటే, రాణి లోపలి బట్టలతో కూర్చుందని పారిస్‌లో గోల గోల అయింది. టోపీలూ మస్లిన్‌వే అయ్యాయి. డాకా మస్లిన్ పేరు అందరికీ తెలుసు. చికాకోల్ మస్లిన్ అని మన శ్రీకాకుళం పేరుతోనూ సన్నబట్ట ఉండేదని మనలో ఎంతమందికి తెలుసు?

ఈ మస్లిన్ టోపీకి ముందువైపు కుచ్చు ఉంటుంది. అంచుని సూదికి చుట్టి, వెంట్రుకంత కుట్లు వేసి, లాగి, కుచ్చు తీస్తారు. బృందంవాళ్లు ఆమ్‌స్టర్‌డామ్ దుకాణంలో ఖరీదైన మిల్లు బట్ట కొన్నారు. సన్నదనంలో వంక లేదు. కానీ కుచ్చు నిలవదు. ఒకచోట గుంపవుతుంది, ఇంకోచోట జారిపోతుంది. గంజి పెడితే అట్ట అవుతుంది, పెట్టకపోతే వాలిపోతుంది. ఏడాది పాటు గంజి మారుస్తూ కూర్చున్నారు. పిల్లల పరీక్షలకి కూడా మా ఇంట్లో అంత చర్చ జరగలేదు.

ఆ వేసవి సెలవులకి వచ్చినప్పుడు మా ఆవిడ ఆ టోపీ ఒకటి వెంట తెచ్చింది. మా మేనత్తది పొందూరు. ఇక్కడ రైలెక్కితే సిగడాం దాటాక అదే కదా. ఎనభై దాటిన మనిషి, చూపు సరిగా ఆనదు. టోపీని కళ్లతో చూడలేదు. బొటనవేలితో రాసి చూసి, "ఇదేటిరా బాబూ, నూలు సచ్చిపోనాది" అంది. అంతే. పన్నెండు మంది డచ్చివాళ్లు ఏడాది చర్చించి తేల్చలేనిది ఆ ఒక్క మాటలో తేలిపోయింది.

మిల్లులో దారాన్ని మంట మీదుగా పోనిచ్చి నూగు కాల్చేస్తారు, గట్టిగా పురి పెడతారు, నున్నగా చేస్తారు. చేతి నూలుకి కాస్త నూగు ఉంటుంది. ఒక మడతని పక్క మడత పట్టుకుంటుంది. అత్త పెట్టె తీసి మా ఆవిడకి పాత పంచె ముక్క ఇచ్చింది. ఆ రాత్రే కుచ్చు తీస్తే, దువ్వెన పళ్లలా నిలబడింది.

పొందూరు పని గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది అనుకున్నాను గాని, నిన్న మన క్లాసువాళ్లని నలుగురిని అడిగితే ముగ్గురికి తెలియదు. అందుకని చెబుతాను. ఇక్కడి కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి తీసుకుంటారు. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పళ్లు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఆ వరస మా కంపెనీ లేత్ మీద చెయ్యమంటే నేను వారం గడువు అడుగుతాను. తరవాత చిన్న చెక్క మీద ఇనప పుల్ల దొర్లించి గింజ తీస్తారు. ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటిదొప్పలో దాస్తారు. అప్పుడు ఇరవైనాలుగు ఆకుల రాట్నం, ఒకటే కదురు. వంద నెంబరు నూలు వడుకుతారు.

వంద నెంబరంటే ఏమిటో మన లెక్కల మాస్టారి ఎదుట చెప్పడం సాహసమే. 840 గజాల చిలపలు వంద కలిస్తే ఒక పౌను తూగాలి. అంటే ఒక గ్రాము దూదికి 169 మీటర్ల దారం. టోపీకి అర చదరపు మీటరు బట్ట కావాలనుకోండి. అంగుళానికి పడుగు 70, పేక 70 పోగులు వేసుకుంటే మొత్తం 2,750 మీటర్ల నూలు. బరువు పదహారు గ్రాములు. మూడు నాలుగు చెంచాల పంచదార బరువు!

గంజి సంగతీ అక్కడే తేలింది. లండన్‌కి 1564లో ఫ్లాండర్స్ నుంచి డింగెన్ అనే ఆవిడ వచ్చి, డబ్బు పుచ్చుకుని దొరసానులకి గంజి పెట్టడం నేర్పిందట. వాళ్లకి అదొక విద్య. మన నేతింట్లో పడుగుకి గంజి పట్టించడం పసిపిల్లలకీ తెలుసు. అత్త కోడలు పల్చటి బియ్యపు గంజి వడగట్టి ఇచ్చింది. తడి కుచ్చుని గుండ్రంగా తీర్చడానికి పూర్వం అక్కడ ఇత్తడి గొట్టం వాడేవారు. లోపల కాల్చిన కడ్డీ పెట్టి, దానిమీద కుచ్చుని ఒక్కో మడతే లాగాలి. ఆ గొట్టం మాత్రం నేనే చేశాను, గరివిడిలో మన క్లాసువాడి లేత్ మీద. వాడు కూలి తీసుకోలేదు గాని, "ఇది దేనికిరా?" అని ఇప్పటికీ అడుగుతాడు. ఇదిగో, చెప్పాను.

భీమిలి డచ్చి సమాధులు మీలో చాలామంది పిక్నిక్‌కి వెళ్లినప్పుడు చూసే ఉంటారు. ఆ సమాధుల్లోవాళ్లు మన తీరానికి వచ్చింది బట్ట కోసమే. 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పగించి పోయే ముందు, కింద మచిలీపట్నం నుంచి పైన భీమిలి దాకా బట్ట కొన్నారు. మన పెద్దవాళ్లు చీటిగుడ్డ అనేవారే, పువ్వుల అద్దకం బట్ట, దాన్ని వాళ్లు సిట్స్ అంటారు. ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ తరవాత ఆ బట్టని నిషేధించాయి, వాళ్ల నేతగాళ్లు గోలపెట్టారని. డచ్చివాళ్లు నిషేధించలేదు. అందుకని అక్కడ జాన్ నది పక్క పల్లెల్లో ఆడవాళ్లు తెల్లటోపీ మీద చీటిగుడ్డ ముసుగుటోపీ పెట్టేవారు. 2017లో లీవార్డెన్ మ్యూజియంలో ఈ బట్టలన్నీ ప్రదర్శన పెడితే నేనూ మా ఆవిడా వెళ్లాం. చిరివేరు ఎరుపు అలాగే ఉంది. ఆ ముసుగుకి నకలు కుట్టడానికి మేం పెడన బట్ట తెప్పించాం. బట్ట బాగుంది గాని నకలుగా ఒప్పలేదు. పెడనది అచ్చు పని, అసలు కలంతో గీసినది. ఇంకోటి కాళహస్తి వాళ్ల చేత గీయించాలి. అది ఇంకా పెండింగులోనే ఉంది.

ఇక డబ్బు మాట. బృందంవాళ్లు ఒక్కో టోపీకి ఖర్చు కాగితం రాస్తారు. కుట్టిన గంటలు, దారం, బట్ట. మొదటి పొందూరు టోపీకి రాసినప్పుడు చూశాను, బట్ట అని ఒక్క వరసలో పెట్టేశారు. కుట్టిన ముప్పై గంటలకీ లెక్క ఉంది, వడికిన గంటలకి లేదు. ఖాదీ లెక్కలో చిలపంటే వెయ్యి మీటర్లు. మా అత్త ఒంట్లో ఓపికున్న రోజుల్లో పొద్దస్తమానం కూర్చుంటే రెండు చిలపలు, మహా అయితే మూడు. అంటే టోపీకి ఒక మనిషి రోజున్నర రాట్నం ముందు కూర్చోవాలి. దువ్వడం, ఏకడం, నేత దీనికి అదనం. నర్సాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు 1982లో పుస్తకం రాసింది. వాళ్ల అల్లిక విదేశాలకి పోతున్నా, ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ల ఖాళీ సమయపు పని కింద జమకట్టి కూలి తగ్గించారని ఆవిడ వాదన. ఈ కాగితం ముందు నాకు అదే గుర్తొచ్చింది. మా ఆవిడ ఇంకో మాట అంది: "మీ అత్త ముప్పై ఏళ్లు వడికింది. మీ ఇంట్లో ఎవరైనా ఆవిడ ఉద్యోగం చేస్తోందని అన్నారా?" అనలేదు.

కాగితంలో 'వడుకు' అని ఒక వరస కలపమన్నాం. అరగంట వాదన తరవాత కలిపారు. పక్కింటి ముసలావిడే ముందు చెయ్యెత్తింది. బట్ట ధర కాక ఆ వరస డబ్బు విడిగా వడికినవాళ్లకే చేరుతోంది. ఇప్పటికి పొందూరు బట్టతో పందొమ్మిది టోపీలయ్యాయి. దీంతో ఊరు బాగుపడిపోయిందని నేను కోతలు కోయను. నా చిన్నప్పుడు సెలవులకి వెళ్తే అత్త వీధిలో మధ్యాహ్నం నిద్రపట్టేది కాదు, ప్రతి అరుగు మీదా రాట్నం గుయ్యిమనేది. మొన్న వెళ్తే మూడు వినిపించాయి. అత్త కోడలు ఉపాధి పనికి పోతే ఎక్కువ వస్తుందని రాట్నం అటకెక్కించబోయింది, ఆ 'వడుకు' డబ్బు చూసి ఆగింది. ఆవిడ కూతురు డిగ్రీ చదువుతోంది. రాట్నం ముట్టుకోనంటోంది. దాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు, నేనూ మేనత్త రాట్నం వదిలి పంపుల వెంట పోయినవాణ్ణే.

మీ దగ్గర నాకు కావలసింది ఒకటుంది. ఇక్కడ సగంమందికి ఈ చుట్టుపక్కల పల్లెల్లో చుట్టాలున్నారు. ఎవరింట్లోనైనా అటక మీద ఇరవైనాలుగు ఆకుల రాట్నం ఉంటే, విరిగినా సరే, పొయ్యిలో పెట్టకండి. నాకు కబురు చేయండి. కదురు వంగినా, ఆకులు ఊడినా బాగుచేసే పూచీ నాదీ గరివిడి లేత్‌వాడిదీ. అలా నాలుగు దొరికితే, మనం క్రాఫ్టు పీరియడులో తకిలీలు తిప్పిన గదిలోనే సెలవుల్లో నెలరోజులు నేర్పడానికి అత్త కోడలు ఒప్పుకుంది. నేర్పినందుకు రోజుకి ఎంతో ఆవిడే చెప్పింది, నేను బేరమాడలేదు. హెడ్మాస్టరు గారు కూడా సరేనన్నారు.

టోపీలు తొమ్మిదో తరగతి గదిలో బల్ల మీద పెట్టాం. ముట్టుకోవచ్చు, పెట్టుకుని ఫొటోలు దిగొచ్చు. తలకి నూనె రాసుకున్నవాళ్లు మాత్రం చూసి ఊరుకోండి, ఉతికి గంజి పెట్టేది నేనే.