ఆర్కాటు యంత్రశిల్పి సయ్యద్ మొహ్సిన్ హుస్సేన్



ఆరంబాక్కం బడిపిల్లల జామెట్రీ పెట్టెలో కోణమానిని ఉంటుంది. దానిపై గీతలను అందరూ చూస్తారు; ఆ గీతలు గీచే విద్యను గురించి తలచేవారు అరుదు. ఒకనాడు భారతదేశపు కొలత యావత్తూ అట్టి గీతల మీదనే ఆధారపడినది. వాటిని తీర్చిదిద్దినవారిలో ఒకరు ఈ సీమకు పొరుగువారే. ఆయన ఆర్కాటు వాస్తవ్యుడు సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్.

1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ చెంత విలియం లాంబ్టన్ ఆధారరేఖ కొలతను ఆరంభించారు. కోణాలు కొలిచే థియోడొలైటు లండనులో తయారైనది. బరువు సుమారు అర టన్ను. 1808లో తంజావూరు గోపురంపైకి చేరుస్తుండగా తాడు తెగి, యంత్రం గోడకు కొట్టుకొని వలయం వంగింది. సముద్రాల కావల పుట్టిన యంత్రం ఇక్కడ చెడితే బాగుచేసేదెవరు? లాంబ్టన్ ఆరు వారాలు శ్రమించి స్వయంగా సరిదిద్దుకోవలసివచ్చింది.

ఆ పని ఎంత సూక్ష్మమో గమనించండి. వలయం వ్యాసం 36 అంగుళాలు. దాని అంచున ఒక డిగ్రీ సుమారు 8 మిల్లీమీటర్లు. అందులో 3600వ వంతు ఒక సెకను. ఆ ఒక్క సెకను పొరపాటుకు నూరు కిలోమీటర్ల దూరాన దాదాపు అర మీటరు తేడా వస్తుంది.

మద్రాసులో నగల దుకాణంలో పనిచేసిన మొహ్సిన్ నైపుణ్యాన్ని సర్వే అధికారులు గుర్తించి, కలకత్తాకు రప్పించారు. 1830లో సర్వేయర్ జనరల్ జార్జి ఎవరెస్టు వెంట ఇంగ్లండు నుండి వచ్చిన యంత్రనిర్మాత హెన్రీ బారోకు ఆయన సహాయకుడయ్యారు. బారో వెళ్లిన పిమ్మట, 1843లో ఆ పదవి మొహ్సిన్‌కే దక్కింది. ఆయన కల్పనాశక్తిని, పని మర్మమెరిగిన నేర్పును, మూఢపట్టుదల లేని మనస్సును ఎవరెస్టు మనసారా కొనియాడారు.

1865లో హిమశిఖరానికి ఎవరెస్టు పేరు పెట్టారు. మొహ్సిన్ పేరు పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. అయినా కొలిచినవాని కీర్తిలో, కొలబద్దను తీర్చినవానికీ భాగమున్నది.

తల్లిదండ్రులారా! గడియారం విప్పి మరల బిగించాలని చూసే బిడ్డను మందలించి పుస్తకం ముందు కూర్చోబెట్టడానికి ముందు, ఒక్క క్షణం ఆగండి. చేతిపని చదువుకు తక్కువ కాదు. అది చదువులో సగం. ఈ వజ్రోత్సవాన ఆర్కాటు శిల్పికి అర్పించదగిన నివాళి ఆ ఒక్క గుర్తింపే.