నీలిమందు షావుకారు గాజుల లక్ష్మీనరసు శెట్టి

బనగానపల్లె అనగానే బయటివాళ్లకు మామిడిపండే గుర్తుకొస్తుంది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే రెండు వందల ఏళ్ల కిందట మన సీమ పల్లెల నుంచి సముద్రాలు దాటిపోయిన సరుకు ఇంకొకటి ఉంది. అది నీలిమందు. మద్రాసు రేవులో ఓడలెక్కిన నీలిలో కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల వాటా పెద్దది. ఆ వ్యాపారంలో పైకొచ్చిన ఒక తెలుగు కుటుంబం గురించి ఇవాళ చెప్పుకుందాం. తండ్రి గాజుల సిద్ధులు శెట్టి, కొడుకు గాజుల లక్ష్మీనరసు శెట్టి.

లక్ష్మీనరసు 1806లో మద్రాసులో పుట్టాడు. వాళ్లది బలిజ కుటుంబం. తండ్రి అప్పటికే నీలి వర్తకంలో పేరున్న షావుకారు. గుడ్డల వ్యాపారం కూడా ఉండేది. ఆ కాలపు వర్తక కుటుంబాల్లో మగపిల్లవాడికి అసలు బడి కొట్టే. గుమాస్తా పక్కన కూర్చుని పద్దులు చూడటం, సరుకు వేళ్లతో నలిపి నాణ్యం కట్టడం, దొరల కంపెనీలవాళ్లతో బేరమాడటం అక్కడే నేర్చుకోవాలి. లక్ష్మీనరసు కూడా చదువు తొందరగానే ముగించి తండ్రి వ్యాపారంలో దిగాడు. తండ్రి తర్వాత దాన్ని ఇంకా పెంచాడు.

ఆయన చరిత్ర రాసినవాళ్లు ఆయన తర్వాత పెట్టిన పత్రిక గురించీ సంఘం గురించీ వివరంగా చెప్తారు గానీ, డబ్బు ఎలా వచ్చిందో ఒక్క వాక్యంతో సరిపెడతారు. కర్నూలు, కడప జిల్లాల వాళ్లం మనం అలా దాటిపోకూడదు.

నీలిమొక్క పూతకొచ్చే అదనులో కోసి, మోపులు కట్టి, గచ్చు చేసిన పై తొట్టిలో పేర్చేవాళ్లు. తేలకుండా పైన బరువు పెట్టి నీళ్లు నింపేవాళ్లు. కొన్ని గంటలకు ఆకు పులిసి నీళ్లు పసుపు కలిసిన పచ్చరంగుకు తిరుగుతాయి. తొట్టి దగ్గర నిలబడలేనంత వాసన. ఆ నీళ్లను కింది తొట్టిలోకి వదిలితే కూలీలు అందులోకి దిగి తెడ్లతో బాదేవాళ్లు. గాలి తగిలేకొద్దీ పచ్చనురుగు నీలమవుతుంది. సున్నపునీళ్లు కలిపితే రంగు అడుగుకు దిగుతుంది. పైతేట వంచేసి, ఆ ముద్దను కాచి, గుడ్డలో వడగట్టి, అదిమి, బిళ్లలుగా కోసి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే బిళ్ల పగులుతుంది. పగిలిందంటే ధర పడిపోతుంది. ఆ బిళ్లలు పెట్టెల్లోకెక్కి, రైలు లేని రోజుల్లో ఎద్దులబండ్ల మీద మద్రాసు చేరేవి. రైతుకు బయానా ఇచ్చి పంటను ముందే కట్టిపెట్టుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. లండన్‌లో ధర పెరిగితే లాభం షావుకారుది, పడిపోతే దెబ్బ బండి తోలిన ఊరి దాకా వచ్చేది. మద్రాసు నీలి షావుకార్ల పెట్టెల నిండా ఉన్న రూపాయిల వెనక తొట్లలో దిగిన ఈ కాళ్లున్నాయి.

ఇలా కలిసొచ్చిన కుటుంబాలు అప్పట్లో చాలానే ఉన్నాయి. గుళ్లకు మాన్యాలు రాశారు, సత్రాలు కట్టించారు, పిల్లల పెళ్లిళ్లు ఘనంగా చేశారు. లక్ష్మీనరసు శెట్టి నడిచిన దారి వేరు. 1844లో, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో, ఆయన ‘క్రెసెంట్’ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు. ఎడ్వర్డ్ హార్లే అనే దొరను సంపాదకుడిగా కుదుర్చుకున్నాడు. ఈస్టిండియా కంపెనీవాళ్లకు చెప్పాల్సిన మాట వాళ్ల భాషలోనే చెప్పాలన్నది ఆయన లెక్క. పత్రిక ఉద్దేశం హిందువుల స్థితిగతులు బాగుచేయడమని ముందే ప్రకటించాడు. ప్రభుత్వానికి మొదటి నుంచే అది నచ్చలేదు. పత్రిక గురించిన ప్రకటనను ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్‌లో వేయడానికి కూడా ఒప్పుకోలేదు.

ఆ రోజుల్లో గవర్నరు ట్వీడేల్ ప్రభువు. మిషనరీల మీద ఆయనకున్న అభిమానం బాహాటమే. మతం మారినవాళ్లకు పూర్వీకుల ఆస్తిలో హక్కు ఇచ్చే చట్టం ముసాయిదా 1845లో వచ్చింది. మరుసటి ఏడు ప్రభుత్వ బడుల్లో బైబిలును పాఠంగా పెట్టాలన్న ప్రతిపాదన లేచింది. వీటికి నిరసనగా 1846 అక్టోబరులో మద్రాసులో పచ్చయప్ప సంస్థలో పెద్ద సభ జరిగింది. లక్ష్మీనరసు శెట్టి అధ్యక్షత వహించాడు. బైబిలు పాఠాల ప్రతిపాదనను లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు తోసిపుచ్చారు. ఆస్తి హక్కు చట్టం మాత్రం 1850లో వచ్చేసింది.

అదే 1846 అక్టోబరు ఈ ప్రాంతానికి ఎందుకు గుర్తో ఇక్కడ కూర్చున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీ సైన్యం పట్టుకున్నది ఆ నెలలోనే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. బనగానపల్లె జాగీరు అప్పుడు నవాబు చేతిలో లేదు. పాలన సరిగా లేదని అంతకుముందే కంపెనీ తన చేతిలోకి తీసుకుంది, మళ్లీ 1848లో గానీ తిరిగి ఇవ్వలేదు. ఇక్కడ కత్తి పట్టిన నరసింహారెడ్డికీ, అక్కడ అర్జీ పట్టిన లక్ష్మీనరసు శెట్టికీ ఎదురుగా నిలబడింది ఒకే ప్రభుత్వం. ఈ రెండు కథలనూ మన పాఠ్యపుస్తకాలు వేరువేరు అధ్యాయాల్లో పెట్టి నష్టం చేశాయనిపిస్తుంది.

1852లో లక్ష్మీనరసు శెట్టి మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. ఆ ఏడాదే బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ వెళ్లింది. శిస్తుల భారం, కోర్టుల్లో జాప్యం, రోడ్లు లేకపోవడం, చదువుకు ఖర్చు పెట్టకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. అన్నిటికన్నా బరువైన ఫిర్యాదు, శిస్తు వసూలు కోసం రైతులను హింసించడం. వేళ్ల మధ్య కర్రలు పెట్టి నొక్కడం, మనిషిని వంచి మెడకూ కాలివేళ్లకూ తాడు కట్టి ఎండలో నిలబెట్టడం, వీపు మీద బండరాయి పెట్టడం. ఇవి చేసింది తాలూకా కచేరీల్లోని చిన్న ఉద్యోగులు. వాళ్లూ మన భాష మాట్లాడేవాళ్లే.

1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చాడు. లక్ష్మీనరసు శెట్టి ఆయన్ను వెంటబెట్టుకుని పల్లెలు తిప్పాడు. పట్నంలో విందులిచ్చి పంపేయడం తేలిక. నీలి షావుకారు అలా చేయలేదు. సరుకు నాణ్యం చూడాలంటే పెట్టె విప్పి చూపించాలన్నది ఆయన పుట్టి పెరిగిన కొట్టు నేర్పిన పద్ధతి. సేమూర్ రైతులను నేరుగా కలిశాడు. 1854 జూలైలో కామన్స్ సభలో ఈ హింస విషయం లేచింది. మద్రాసు ప్రభుత్వం విచారణ సంఘం వేయక తప్పలేదు. ఇలియట్, స్టోక్స్, న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్ అందులో సభ్యులు. రోజుల తరబడి నడిచి వచ్చి చెప్పుకున్నవాళ్లున్నారు. 1,959 ఫిర్యాదులు అందాయి. 1855లో వచ్చిన నివేదిక హింస నిజమేనని ఒప్పుకుంది. రెండేళ్ల తర్వాత, సిపాయిల తిరుగుబాటు జరుగుతుండగా, కార్ల్ మార్క్స్ న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో ఈ నివేదికను ముందు పెట్టుకునే వ్యాసం రాశాడు. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. శిస్తు వసూలు చేసే చేతికి లాఠీ కూడా ఉండే ఏర్పాటు దాంతో పోయింది. మన తాలూకాల రైతుకు లక్ష్మీనరసు శెట్టి చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు ఇదేనని చెప్పాలి, చాలామంది దీన్ని చివర ఒక ముక్కగా వదిలేసినా సరే.

వీటన్నిటికీ ఖర్చు ఎవరిది? ఎక్కువ భాగం ఆయన సొంత జేబుదే. పత్రిక లాభాలు తెచ్చే రకం కాదు. లండన్‌కు అర్జీలు పంపడం, న్యాయవాదులతో రాయించడం, జిల్లాల్లో సంతకాలు పట్టించడం, ప్రతిదానికీ రొక్కం కావాలి. దృష్టి అటు మళ్లాక వ్యాపారం నిలబడలేదు. తండ్రి సంపాదించిందీ, తాను పెంచిందీ కరిగిపోయాయి. చివరి రోజుల్లో ప్రభుత్వం ఆయనకు సి.ఎస్.ఐ. బిరుదు ఇచ్చింది. మద్రాసు శాసనమండలిలో సభ్యుడిగా కూడా నియమించింది. ఒకప్పుడు ప్రకటన కూడా వేయనన్న ప్రభుత్వమే అది. అప్పటికి ఇంట్లో కలిమి పోయింది. 1868లో బీదస్థితిలోనే కన్నుమూశాడు.

నీలి వ్యాపారం ఆయన తర్వాత ఇంకో ముప్పై ఏళ్లు నడిచింది. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలిరంగు బజారులోకి వచ్చాక తొట్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఆయన సంఘం కూడా ఆయనతోనే చల్లబడింది. కానీ పట్నంలో ఉన్నవాళ్లు జిల్లాల కష్టాలు పోగుచేసి ప్రభుత్వం ముందు పెట్టే పద్ధతి పోలేదు. 1884లో పి. రంగయ్య నాయుడు అధ్యక్షుడిగా మద్రాసు మహాజన సభ ఏర్పడినప్పుడు ఆ పనిని మళ్లీ ఎత్తుకుంది. ఆ సభను నడిపినవాళ్లలో మన పొరుగు చిత్తూరు సీమలో పుట్టిన పనప్పాకం ఆనందాచార్యులు ఒకరు. 1891లో నాగపూర్ కాంగ్రెసుకు అధ్యక్షుడైంది ఆయనే.