నీలిరంగు ఎందుకు ఆలస్యమైంది?
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



యల్లాప్రగడ సుబ్బారావు పేరెత్తగానే ఆరియోమైసిన్, హెట్రజాన్, మెథోట్రెక్సేట్ గుర్తుకొస్తాయి. అవన్నీ ఆయన లెడర్లీ మందుల కంపెనీలో ఉన్న కాలం నాటివి. అంతకుముందు బోస్టన్‌లో ఈ భీమవరం బిడ్డ చేసిన పనికి మాత్రం మన సభల్లో రెండు వాక్యాలకు మించి దక్కవు. ఇవాళ జిమ్‌ల చుట్టూ డబ్బాల్లో అమ్ముడవుతున్న తెల్లపొడి, క్రియాటిన్, అసలు ఏం చేస్తుందో తెలిసింది ఆ పనివల్లే.

పదార్థం పాతదే. 1832లో ఫ్రాన్సులో షెవ్రల్ మాంసరసం నుంచి దాన్ని వేరుచేశారు. వేటలో పరుగెత్తి చచ్చిన నక్కల మాంసంలో అది, బోనులో పెరిగిన నక్కలోకన్నా దాదాపు పది రెట్లు ఉందని 1847లో లీబిగ్ రాశారు. ఎందుకున్నదో చెప్పినవారు లేరు.

కండరం ముడుచుకునేది లాక్టిక్ ఆమ్లం వల్లేనన్నది అప్పటి నమ్మకం. ఆ నమ్మకాన్ని నిలబెట్టిన హిల్, మేయర్‌హాఫ్‌లకు కండరాలపై పరిశోధనకు 1922 నోబెల్ దక్కింది. ఆ రోజుల్లోనే సుబ్బారావు బోస్టన్‌లో అడుగుపెట్టారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరం కొలిచే పద్ధతి ప్రకటించారు. ద్రావణంలో మాలిబ్డేటూ మరో రసాయనమూ కలిపితే నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ.

ఇదే పరీక్ష కండర ద్రవానికి పెడితే రంగు వెంటనే తేలలేదు. నిమిషాల తరబడి, మెల్లగా, ముదురుతూ పోయింది. తొందరగాళ్లైతే రసాయనం చెడిందనుకుని పారబోసేవారు. వీళ్లిద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. భాస్వరం క్రియాటిన్‌కు అతుక్కుని ఉంది; ఆమ్లంలో ఆ అతుకు కొద్దికొద్దిగా విడిపోతున్నకొద్దీ రంగు పెరుగుతోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో లోకానికి చెప్పారు. అదే ఏడాది లండన్‌లో ఎగిల్టన్ దంపతులూ దాని జాడ పట్టారు. 1929లో కణాలకు శక్తినిచ్చే అణువు ఏటీపీ వంతు. జర్మనీలో లోమన్ కూడా అప్పుడే కనుగొన్నారు.

1930లో కోపెన్‌హాగెన్‌లో లుండ్స్‌గార్డ్ కండరంలో లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా విషం పెట్టారు. అయినా కండరం ముడుచుకుంది, ఫాస్ఫోక్రియాటిన్ అయిపోయేదాకా! పాత సిద్ధాంతం కూలింది. దీన్ని విప్లవమన్నది స్వయానా హిల్. తన సిద్ధాంతం ఓడినప్పుడు అలా పలికే పెద్దమనుషులు ఎంతమంది ఉంటారు?

పరుగుపందెంలో తొలి క్షణాల్లో ఖర్చయిపోయే ఏటీపీని మళ్లీ నింపేది ఫాస్ఫోక్రియాటినే. నిల్వ కొన్ని సెకన్లకే చాలుతుంది. దాన్ని పెంచవచ్చా? 1992లో హారిస్, హల్ట్‌మన్ బృందం ఆరోగ్యవంతులకు రోజూ పలుమార్లు 5 గ్రాముల చొప్పున క్రియాటిన్ ఇచ్చి, తొడ కండరం నుంచి సూదితో ముక్క తీసి చూసింది. నిల్వ పెరిగింది, ముందు తక్కువున్నవాళ్లలోనే ఎక్కువగా. బరువులెత్తేవారికి, చిన్న పరుగులవారికి ఉపయోగమేనని తర్వాతి పరీక్షలు తేల్చాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. మెదడుకూ మందేనన్న ఆశతో పార్కిన్సన్స్ రోగులు 1,741 మందితో అమెరికా, కెనడాల్లో పెద్ద పరీక్ష నడిపారు. 2015లో వచ్చిన ఫలితం: ప్రయోజనం లేదు. డబ్బామీద ఏం రాసినా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అయితే ఒకచోట ఈ పొడి నిజంగా మందే. క్రియాటిన్ తయారీకి కావలసిన ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన శిశువును 1994లో వైద్యులు గుర్తించారు. లక్షణాలు రాకముందే క్రియాటిన్ మొదలుపెడితే మెదడు దెబ్బతినకుండా చాలావరకు కాపాడవచ్చు. మడమనుంచి తీసిన రక్తపు చుక్కతో ఆ లోపం తెలుస్తుంది. నవజాత శిశువులకు సిఫారసు చేసే పరీక్షల జాబితాలో అమెరికా దీన్ని 2023లో చేర్చింది.