బడి టీవీ టేపులు ఎవరివి?

(విశ్వవిద్యాలయ విద్యార్థుల అధ్యయన వేదికలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు పాత టేపుల గురించి మాట్లాడతాను. బడి పిల్లల కోసం ప్రభుత్వం తీసిన టెలివిజన్ పాఠాల టేపులు అవి. ఇది లైబ్రరీ వాళ్ళు చూసుకోవాల్సిన పని, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కానీ మన ఇళ్ళలో మొదటిసారి బడి గడప తొక్కిన తరంతో ఈ దేశం తెర మీద ఏం మాట్లాడింది? ఎవరి ఇల్లు చూపించింది, ఎవరి యాసను సరైన తెలుగు అంది? ఆ టేపులు లేకపోతే ఈ ప్రశ్నలకు జవాబు ఊహ మాత్రమే అవుతుంది. అందుకే నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ టేపులు ప్రజా రికార్డులు. వాటిని కాపాడమని అడగడం, వాటిని చూడటం మన హక్కు.

ముందు కొంత చరిత్ర చూద్దాం.

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో మొదలైంది. రెండేళ్ళకే, 1961లో, ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో ఢిల్లీ బడులకు పాఠాల ప్రసారం మొదలైంది. ప్రయోగశాలలు, పరికరాలు, అర్హత గల టీచర్లు చాలని బడుల్లో ఆ లోటును తెర కొంత పూడుస్తుందని ఆశ. సీరియళ్ళూ సినిమా పాటలూ టీవీని ఆక్రమించక ముందే బడి పాఠం అందులో ఉంది.

పల్లెకు అది చేరింది 1975లో. ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం అంటాం, అందరికీ తెలిసిన పేరు సైట్. నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకోనిచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుప జాలీతో చేసిన యాంటెన్నా నిలబెట్టి, నేరుగా ఉపగ్రహం నుంచే సంకేతం అందుకున్నారు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. అయిదు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలో రోజుకు ఇరవై రెండున్నర నిమిషాల కార్యక్రమం. ఇదంతా ఎమర్జెన్సీ కాలంలో జరిగిందన్నది మరవకండి. పత్రికల నోరు నొక్కిన ప్రభుత్వమే పల్లె బడిలో తెర వెలిగించింది.

టీవీని బడి, పంచాయతీ భవనం లాంటి ఉమ్మడి చోట పెట్టారు. కులం ఉన్న ఊళ్ళో ఉమ్మడి చోటు అంటే ఏమిటో ఇక్కడున్న వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. చాప మీద ఎవరు కూర్చున్నారు, గుమ్మం బయట ఎవరు నిలబడ్డారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అనేవి కూడా విద్యా చరిత్రలో భాగమే. సైట్‌ను మదింపు చేసిన వాళ్ళు గట్టి పనే చేశారు. మానవశాస్త్రవేత్తలు కొన్ని పల్లెల్లో మకాం వేసి పరిశీలించారు. పిల్లల భాష మెరుగుపడిందని, వేరే చోట్ల నుంచీ తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగిందని మదింపులో తేలింది. ఆ నివేదికలను మనం చదవగలం. అయితే నివేదికలు దొరికినంత సులువుగా కార్యక్రమాలు దొరకవు. మన పిల్లలు ఎంతమంది చూశారో పట్టికలో ఉంటుంది. ఏం చూశారో మాత్రం టేపులో ఉంటుంది.

తర్వాతి దశ ఇన్సాట్. 1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్ళింది. 1984లో ఎన్‌సీఈఆర్‌టీ కింద కేంద్రీయ విద్యా సాంకేతిక సంస్థ ఏర్పడింది. ఆరు రాష్ట్రాల్లో రాష్ట్ర సంస్థలు వచ్చాయి, అందులో ఒకటి హైదరాబాద్‌లో. ఉపగ్రహం ఢిల్లీదే అయినా పిల్లల కార్యక్రమం తెలుగులో, ఇక్కడి మనుషులతో తీయాలన్న ఆలోచన మంచిది. ఇక్కడి మనుషులు అంటే ఎవరు అన్నది అడగాల్సిన ప్రశ్న. టేపు చేతికొస్తే గానీ ఆ ప్రశ్న అడగలేం.

ఇంకోలా తీయవచ్చని చూపించిన చోటూ ఉంది. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో, పీజ్ అనే ఊరి ట్రాన్స్‌మిటర్ నుంచి 1975లో ఇస్రో, దూరదర్శన్ కలిసి స్థానిక ప్రసారాలు మొదలుపెట్టాయి. అవి బడి పాఠాలు కావు గానీ కనీస వేతనం, కుల వివక్ష, సహకార సంఘాలు, స్థానిక ఎన్నికలు వాటికి విషయాలయ్యాయి. 1984లో గ్రామీణ ప్రసారానికి యునెస్కో పురస్కారం కూడా వచ్చింది. కూలి రేటు గురించి ప్రభుత్వ టీవీ మాట్లాడిన కాలం ఒకటి ఉందని ఈ తరం విద్యార్థికి చెబితే నమ్మడం కష్టం. నమ్మించడానికి బొమ్మ కావాలి.

టేపులు ఎలా పోతాయి? మూడు రకాలుగా. ఒకటి, చెరిపేసి మళ్ళీ వాడటం. అప్పట్లో టేపు ఖరీదు. ప్రసారం అయిపోయిన పాఠం మీద కొత్త కార్యక్రమం రికార్డు చేసేవారు. బీబీసీ కూడా 1960లు, 70లలో ఎన్నో కార్యక్రమాలను ఇలాగే పోగొట్టుకుంది. రెండు, తేమ. టేపు మీది అయస్కాంత పూత జిగురెక్కుతుంది, బూజు పడుతుంది. బూజు లేకపోయినా టేపును తిప్పే యంత్రం ఉండాలి. యూమాటిక్ యంత్రాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది, వాటిని బాగుచేయగల టెక్నీషియన్లు రిటైరవుతున్నారు. మూడోది మనకు చాలా ముఖ్యం. టేపు ఉంటుంది, జాబితా ఉండదు. ఉన్నా అందులో టేపు నంబరు, నిడివి, తేదీ, శీర్షిక మాత్రమే ఉంటాయి. ఏ ఊళ్ళో తీశారు, తెర మీద ఉన్న పిల్లలెవరు, వాళ్ళ చేత ఏ పని చేయించారు అనేది రాయరు. ఒక వాడ పేరు జాబితాలో లేకపోతే ఆ వాడ కోసం వెతికే వాళ్ళకు ఆ టేపు ఉన్నా లేనట్టే.

కాపాడటం ఎవరి పని అన్న దానికి మన దగ్గరే ఒక పాఠం ఉంది. బాబాసాహెబ్ పోయాక ఆయన రాతప్రతులు ఏళ్ళ తరబడి పెట్టెల్లో ఉండిపోయాయి. 1979 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం సంపుటాలుగా అచ్చు వేసింది. దాని వెనుక ఉద్యమం ఒత్తిడి ఉంది, వసంత్ మూన్ లాంటి సంపాదకుడి ఓపిక ఉంది. ఈ రోజు మన థీసిస్‌లలో సంపుటం, పేజీ నంబరు రాయగలుగుతున్నామంటే అది ఆ పని పుణ్యమే. అడగకుండా ఎవరూ దాచిపెట్టి ఇవ్వలేదు.

మరి అడగడానికి ఆధారం ఉందా? ఉంది. పుస్తకాలు, పత్రికల ప్రతులను జాతీయ గ్రంథాలయానికి, మరికొన్ని గ్రంథాలయాలకు ఇవ్వాలని 1954 నాటి చట్టం చెబుతోంది. ప్రసారాలు ఆ చట్టంలో లేవు. ఆ లోటు పూడ్చాలని డిమాండ్ చేయాలి. ఈలోగా చేతిలో ఉన్న చట్టాలు రెండు. 1993 ప్రజా రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ శాఖలకు, దాని అదుపులోని చట్టబద్ధ సంస్థలకు వర్తిస్తుంది. అందులో రికార్డు అంటే కాగితం ఒక్కటే కాదు. పద్ధతి పాటించకుండా రికార్డును నాశనం చేస్తే అయిదేళ్ళ వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండోది 2005 సమాచార హక్కు చట్టం. ఇది రాష్ట్ర సంస్థలకూ వర్తిస్తుంది. ప్రతి ప్రభుత్వ సంస్థా తన రికార్డులకు జాబితా, సూచిక తయారుచేసి ఉంచాలని నాలుగో సెక్షన్ చెబుతోంది. సమాచారాన్ని టేపులు, వీడియో క్యాసెట్ల రూపంలో కూడా పొందవచ్చని రెండో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. వీడియో క్యాసెట్ అన్న మాట చట్టంలోనే ఉంది మిత్రులారా. మనం వాడుకోవడమే తరువాయి.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోవద్దు. 2020లో బడులు మూతబడితే మళ్ళీ టీవీయే దిక్కయింది. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు వచ్చాయి. తరగతికో చానల్ అంటూ కేంద్రం పీఎం ఈ-విద్య ప్రకటించింది. మరుసటి ఏడాది జాన్ డ్రెజ్ తదితరులు పేద కుటుంబాల మధ్య చేసిన సర్వేలో, క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్న వాళ్ళు పల్లెల్లోని దళిత, ఆదివాసీ పిల్లల్లో 4 శాతం, మిగతా పల్లె పిల్లల్లో 15 శాతం అని తేలింది. 1975లో ఊరికొక టీవీ పెట్టే బాధ్యత ప్రభుత్వం తీసుకుంది. 2020లో తెర, కరెంటు, డేటా ఇంటివాళ్ళే చూసుకోవాలంది. ఈ తేడా చెప్పాలంటే రెండు కాలాల రికార్డులూ మన ముందు ఉండాలి. యూట్యూబ్‌లో ఉన్నాయి కదా అనే వాళ్ళకు ఒక మాట. చానల్ నడిపేవాళ్ళు ఒక్క నొక్కుతో తీసేయగలిగిన దాన్ని భద్రపరచడం అనరు.

చివరగా, మనం చేయగల పనులు మూడు. మొదటిది, సమాచార హక్కు కింద జాబితాలు అడుగుదాం. ఎన్ని టేపులున్నాయి, ఏ రూపంలో ఉన్నాయి, ఎన్ని డిజిటల్ అయ్యాయి, ఎన్నింటిని ఏ ఉత్తర్వుతో తీసేశారు. జవాబు రాకపోతే అప్పీలు చేద్దాం. రెండోది, డిజిటల్ చేసే చోట వివరాలు రాసే పనిలో మన విద్యార్థులు ఉండాలని అడుగుదాం. ఊరు, వాడ, వృత్తి, యాస నమోదు కావాలి. మూడోది ఆగకూడని పని. సైట్ పాఠాలు చూసిన పిల్లలకు ఇప్పుడు అరవై దగ్గర పడుతోంది. బడిలో టీవీ పెట్టిన టీచర్లు ఇంకా పెద్దవాళ్ళు. మెదక్ లోనో మహబూబ్‌నగర్ లోనో మీ పెద్దమ్మనో బాబాయినో కూర్చోబెట్టి అడగండి. టీవీ ఎక్కడ ఉండేది, మీరు ఎక్కడ కూర్చునేవారు, ఎవరైనా లేచిపొమ్మన్నారా, ఏం చూసినట్టు గుర్తుంది? ఫోన్‌లో రికార్డు చేయండి. పేరు, ఊరు, తేదీ రాయండి. వాళ్ళ అనుమతి తీసుకోండి. ఒక ప్రతి మీ దగ్గర, ఒక ప్రతి మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంచండి.

టేపుల కోసం అర్జీ పెట్టి ముప్ఫై రోజులు ఎదురుచూడవచ్చు. ఈ మనుషుల విషయంలో అంత వ్యవధి ఉందని అనుకోలేం. ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడే మొదలుపెడదాం.

జై భీమ్.