మాల తీశాక 42వ రోజు ఎవరుంటారు?

ఈరోజు మందు గురించి మాట్లాడుకుందాం. క్లాస్ పీకడానికి కాదు. మానేద్దామని ఇప్పటికే పదిసార్లు అనుకున్నవాళ్ల కోసం, అలాంటివాళ్లు ఇంట్లోనో రూమ్‌లోనో ఉన్నవాళ్ల కోసం ఈ ఎపిసోడ్.

మా బీటెక్ రూమ్మేట్ ఒకడున్నాడు. వాడి పర్మిషన్ తీసుకునే చెప్తున్నా, పేరు మాత్రం చెప్పను. వాడు వరసగా రెండేళ్లు అయ్యప్ప మాల వేశాడు. 41 రోజులు చుక్క ముట్టలేదు. మామూలుగా ఒక్క సాయంత్రం ఆగలేనివాడు అన్ని రోజులు ఎలా ఆగాడు? భక్తి ఉంది, కాదనను. దాంతో పాటు చుట్టూ పదిమంది స్వాములున్నారు. గురుస్వామి ఉన్నాడు. నల్ల బట్టలు చూసి ఏ ఫ్రెండూ సిట్టింగ్‌కి పిలవలేదు. శబరిమల వెళ్లొచ్చి మాల తీయగానే ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. 42వ రోజు వీడొక్కడే మిగిలాడు. ఆ వీకెండే మళ్లీ మొదలు.

సపోర్ట్ గ్రూప్ అనేది ఆ 42వ రోజు కోసం. అందులో అందరికీ తెలిసింది ఆల్కహాలిక్స్ అనానిమస్, షార్ట్‌గా ఏఏ. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ స్మిత్ అనే సర్జను మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో నలిగిపోయినవాళ్లే. తనలాంటి ఇంకొకడితో కూర్చుని మాట్లాడితే ఆ పూటకి తాగకుండా ఉండగలుగుతున్నానని విల్సన్ గమనించాడు. మొత్తం పద్ధతి అక్కడి నుంచే పుట్టింది.

మావాడికి ఈ మాట చెప్తే వాడడిగిన మొదటి ప్రశ్న, "ఎవరైనా చూస్తే?" ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆఫీసులో అప్పటికే మేనేజర్ ఒకసారి పిలిచి మాట్లాడాడు. పరువు భయం చిన్నది కాదు ఫ్రెండ్స్. మందు షాపు ముందు క్యూలో నిలబడటానికి లేని సిగ్గు, మానడానికి వెళ్లేటప్పుడు వస్తుంది. విచిత్రమే, కానీ మన దగ్గర అంతే.

మీటింగ్ కంటే ముందు ఒక సీరియస్ విషయం. మావాడికి పొద్దున్నే చేతులు వణికేవి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలు, కొందరికి ఫిట్స్, రెండు మూడు రోజుల్లో మతి తప్పడం కూడా జరగొచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. మాల వేసేవాళ్లకైనా ఇదే మాట. అందుకే ముందు డాక్టర్. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాం, మందులు రాశారు. ఇవి వేరే మందులు లెండి. కాస్త కుదురుకున్నాకే మీటింగ్.

గ్రూప్ వెతకడం కష్టం కాదు. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో చూడొచ్చు. టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి ఫోన్ చేసి వెళ్లండి. 'ఓపెన్' మీటింగా, 'క్లోజ్డ్' మీటింగా అని అడగండి. క్లోజ్డ్ అంటే మానాలనుకునేవాళ్లకి మాత్రమే. ఓపెన్ అయితే పక్కన ఇంకొకరు కూడా కూర్చోవచ్చు. నేను అలాగే వెళ్లా.

మా అడ్రస్ ఒక చర్చి వెనక గది. మావాడు గేటు దగ్గరే ఆగిపోయాడు, "మతం మారుస్తారా ఏంట్రా?" అని. మార్చరు. గది దొరికింది కాబట్టి అక్కడ పెడతారు, అంతే. దేవుడి మాట వస్తుంది, కానీ ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకి. వీడు అయ్యప్పనే తలుచుకుంటాడు.

లోపల ప్లాస్టిక్ కుర్చీలు, టీ. ఫీజు లేదు, ఆధార్ అడగరు. పేరు కూడా మీరు చెప్పినంతే. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో దూరరు, సలహాలివ్వరు. మన ఇళ్లలో ఇది ఊహించగలరా? చివర్లో ఒక సంచి తిప్పుతారు, సభ్యులు తోచింది వేస్తారు. బయటివాళ్ల విరాళం తీసుకోరు. అక్కడ విన్న కథలు మాత్రం చెప్పను. కంటెంట్‌గా చూస్తే వ్యూస్ బాగా వస్తాయని నాకూ తెలుసు. కానీ ఆ గదిలో మాట ఆ గదిలోనే ఉంటుందన్న నమ్మకం మీదే అందరూ నోరు విప్పుతున్నారు.

మొదటి రోజు మావాడు ఏం మాట్లాడలేదు. ఎవరూ బలవంతం చేయలేదు. వెళ్లేటప్పుడు ఒక పెద్దాయన నంబర్ ఇచ్చి, "తాగాలనిపిస్తే తాగక ముందు చెయ్ బాబూ, తాగాక కాదు" అన్నాడు. జీవితాంతం మానమని అడగరు. ఈ ఒక్కరోజు, అంతే.

పనిచేస్తుందా? 2020లో కోక్రేన్ వాళ్లు 27 స్టడీలు, 10 వేల మందికి పైగా డేటా చూశారు. రోగుల్ని ఏఏలో చేర్పించే దిశగా నడిపే చికిత్సలు, పూర్తిగా మానేసి ఉండటంలో మిగతా కౌన్సెలింగ్‌ల కంటే మెరుగ్గా కనిపించాయి. అందరికీ సరిపడుతుందని కాదు. మావాడు మూడో నెలలో జారాడు. మర్నాడే మీటింగ్‌కి వెళ్లాడు, ఎవరూ తిట్టలేదు, మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క. ఇప్పుడు ఏడు నెలలు.

ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ అని వేరే గ్రూప్ ఉంది. తాగేవాళ్లు రాకపోయినా మీరు వెళ్లొచ్చు. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. వ్యసనాల కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446. రెండూ ఫ్రీ.

ఈ వీడియో కింద మాత్రం దయచేసి ఎవర్నీ ట్యాగ్ చేయకండి. పంపాలనుకుంటే విడిగా, వాళ్లొక్కరికే పంపండి.