నయాపూల్‌కు అటూ ఇటూ రెండు కిలోమీటర్లు
(బడి స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ముందు వరసల్లో చాపల మీద కూర్చున్న ఇప్పటి పిల్లలారా, నేను చెప్పబోయేది మీ గురించే.

నాకు పది నిమిషాలు ఇచ్చారు. ఇంజనీరును కదా అని ‘సాంకేతికత – రేపటి తరం’ అనే అంశం కూడా ఇచ్చారు. మన్నించాలి, నేను ఆ అంశం మీద మాట్లాడను. హైదరాబాదులో ఒక్కరోజు తిరగడం, తినడం, నాలుగు వస్తువులు కొనుక్కోవడం గురించి మాట్లాడతాను. దానికో కారణం ఉంది.

ఈ ఉత్సవాలకు మనందరం వేసుకున్న చందాల్లో ఖర్చులు పోగా కొంత సొమ్ము మిగులుతుంది. దాన్ని ఏం చేయాలన్నది ఈ సాయంత్రం సమావేశంలో తేలాలి. బడి గేటు దగ్గర స్వాగత తోరణం కట్టి దాతల పేర్లు చెక్కించాలని ఒక ప్రతిపాదన ఉంది. నా ప్రతిపాదన వేరు. ఆ సొమ్ము బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీకి ఏటా మనం మరికొంత కలిపి, తొమ్మిదో తరగతి పిల్లలందరినీ ఒక్కరోజు హైదరాబాదు తీసుకుపోదాం. ఒక్క రూపాయి కూడా తల్లిదండ్రుల దగ్గర తీసుకోకుండా.

‘హైదరాబాదు చూడనివాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు?’ అని నన్ను ఇప్పటికే ముగ్గురు మిత్రులు అడిగారు. నిన్న తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లి నేనూ అదే అడిగాను. హైదరాబాదు వెళ్లినవాళ్లు చేతులెత్తండి అంటే సగం మందికి పైగా ఎత్తారు. ఎందుకు వెళ్లారంటే ఆసుపత్రికి, పెళ్లికి, పెద్ద మాల్‌కు. చార్మినార్ ఎక్కినవాళ్లు ఎవరంటే రెండు చేతులు మిగిలాయి. మూడు గంటల దూరంలో ఉన్న మహానగరం మన పిల్లలకు ఆసుపత్రి వరండాగా, ఎస్కలేటర్‌గా మాత్రమే తెలుసు.

1983 డిసెంబరులో మా సోషల్ సారు మా తరగతిని హైదరాబాదు తీసుకుపోయారు. బస్సు ఎక్కేముందు ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇచ్చారు. దాని మీద ఒకే ఒక్క ప్రశ్న. ‘చార్మినార్‌కు మెట్లెన్ని?’ అని ఒకడికి, ‘నది పక్కనే ఆసుపత్రి ఎందుకు కట్టారు?’ అని ఇంకొకడికి. సాయంత్రానికి జవాబు తేవాలి. ఎవరినైనా అడగొచ్చు, పోలీసునైనా, పండ్ల బండి వాడినైనా. నాకొచ్చిన చీటీ సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం గురించి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పోయిన నెల ఐదుగురు పాత మిత్రులం కలిసి ఆ రోజును మళ్లీ నడిచి చూశాం. పిల్లలతో సాధ్యమా కాదా తేల్చుకోవడానికే. సాధ్యమే. నయాపూల్ వంతెనను మధ్యలో పెట్టుకుని అటూ ఇటూ రెండు కిలోమీటర్లు దాటనక్కర్లేదు. ఆ రోజు ఎలా సాగుతుందో చెబుతాను.

ఉదయం ఎనిమిదిన్నరకు అఫ్జల్‌గంజ్‌లో దిగుతాం. ముందు చాయ్. ఇరానీ హోటల్లో పాలూ డికాక్షనూ కలిపి మరిగించరు. డికాక్షన్ మూతపెట్టిన పాత్రలో ఒక పక్క, చిక్కబడ్డ పాలు ఇంకో పక్క. కప్పులో పోసేటప్పుడే రెండూ కలుస్తాయి. దాంతోపాటు ఉస్మానియా బిస్కెట్. తీపా, ఉప్పా అని పిల్లలు తేల్చుకోలేరు. రెండూ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వచ్చిన బిస్కెట్ అది.

అక్కడి నుంచి వంతెన మీదికి. కింద మూసీ. ముక్కు మూసుకుంటారు, మూసుకోనివ్వండి. ఆ వాసన కూడా పాఠమే. 1908 సెప్టెంబరు 28న ఈ నదే పొంగి నగరాన్ని ముంచింది. వేలమంది పోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టును పిల్లలకు చూపించాలి. ఆ మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. నగరానికి ఎగువనే నీటిని ఆపాలని ఆయన చెప్పారు. ఆ సలహా మీదే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మనం గండిపేట అంటామే, అది ఉస్మాన్ సాగరే. వరద ఆపడానికి కట్టినవే తాగునీరూ ఇచ్చాయి. ఒక ఒడ్డున ఆసుపత్రి, ఎదుటి ఒడ్డున హైకోర్టు లేచి నదికే ఒక కొత్త ముఖం వచ్చింది.

ఇది పాత కథ అనుకోకండి. 2025 సెప్టెంబరు చివరి వారంలో జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చాయి. మన ఊరి బస్సు ఆగే ప్లాట్‌ఫారాల దగ్గరికే. నూట పదిహేడేళ్ల తర్వాత, దాదాపు అదే తేదీకి. ఈ మాట టీవీలో విన్న పిల్లవాడికి, వంతెన మీద నిలబడి నదికీ బస్ స్టేషన్‌కూ మధ్య ఎడం కళ్లతో కొలిచిన పిల్లవాడికి తేడా ఉంటుంది.

పదింటికి సాలార్‌జంగ్ మ్యూజియం తెరుస్తారు. శుక్రవారం సెలవు, అది గుర్తుంచుకుని తేదీ పెట్టుకోవాలి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ ఒక్క మనిషి సేకరణ ఇందులో సింహభాగం. 1951లో ఆయన దేవిడీలోనే ప్రదర్శన మొదలైంది, 1968లో ఇప్పటి భవనానికి మారింది. అంతా చూడాలంటే రెండు రోజులు చాలవు. కాబట్టి మూడే చూపిద్దాం. ఒకటి, ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన రెబెకా. రాతి ముసుగు లోంచి రాతి ముఖం కనిపిస్తుంది. రెండు, ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో చూస్తే తలవంచుకున్న మార్గరెట్టా కనిపించే కొయ్య బొమ్మ. మూడు, గడియారం.

గంట కొట్టే వేళకు తలుపు తీసుకుని ఒక గడ్డం మనిషి బయటికి వస్తాడు. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి పోతాడు. పక్కనే ఇంకో బొమ్మ సుత్తి పట్టుకుని క్షణక్షణం కొడుతూనే ఉంటాడు. 350కి పైగా భాగాలున్న యంత్రమది. నా చీటీలో ప్రశ్న: ‘గడ్డం మనిషికి టైమైందని ఎవరు చెబుతారు?’ అందరూ గడ్డం మనిషిని చూస్తుంటే నేను నేల మీద కూర్చుని కిందినుంచి పైకి చూస్తూ ఉండిపోయాను. జవాబు పూర్తిగా దొరకలేదు. ‘లోపల ఒక చక్రం ఇంకో చక్రానికి చెబుతుంది సార్’ అని రాశాను. ‘ఎలా చెబుతుందో పెద్దయ్యాక చూసి రా’ అని సారు దాని కింద ఎర్ర సిరాతో రాశారు. ఇంజనీరింగ్‌లో మెకానికల్ బ్రాంచి ఎందుకు తీసుకున్నావని ఎవరడిగినా నేను చెప్పే జవాబు అదే.

భోజనం. బిర్యానీ అనగానే పిల్లల కళ్లు మెరుస్తాయి. హైదరాబాదీ కచ్చి బిర్యానీలో మసాలా పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకు పిండి మెత్తి, ఆవిరి బయటికి పోకుండా ఉడికిస్తారు. రెండూ ఒకేసారి పదునుకు రావాలి. మాంసం తిననివాళ్లకు బగారా అన్నం, మిర్చీ కా సాలన్ ఉన్నాయి. చివర్లో ఎండు ఆప్రికాట్లతో చేసిన ఖుబానీ కా మీఠా. ఒక ముద్ద చాలు, మళ్లీ నడవాలి.

పత్తర్‌గట్టి మీదుగా నడుద్దాం. రెండు పక్కలా రాతి కమానుల కింద దుకాణాలు. వరద తర్వాత నగరాన్ని బాగుచేసినప్పుడు వచ్చిన వరస ఇది. చార్ కమాన్, గుల్జార్ హౌజ్ దాటితే ఎదురుగా చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించింది. కమాను తన బరువును కిందికే కాదు, పక్కలకు కూడా తోస్తుంది. ఆ తోపుడును మూలల్లోని మినార్లు తమ బరువుతో అదిమిపట్టి భూమిలోకి దించుతాయి. మినార్లు అందానికే అనుకునే పిల్లలకు అవి పనివాళ్లని చెప్పాలి. పిల్లలు ఇద్దరిద్దరు భుజాలు ఆనించి కమానులా నిలబడితే రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. మేమైదుగురం చేసి చూశాం. ఒకాయన అటూ ఇటూ కొంచెం ఎక్కువ బరువున్నవాడు, కమాను కూలింది. చుట్టూ జనం నవ్వారు.

మెట్లెక్కి మొదటి అంతస్తులో నిలబడితే నాలుగు దిక్కులా నాలుగు దారులు. ఒక పక్క మక్కా మసీదు. పడమటి దారి లాడ్ బజార్, లక్క గాజుల వీధి. అక్కడ ప్రతి పిల్లకూ పిల్లవాడికీ రెండు వందల రూపాయలు చేతిలో పెడదాం. ఒకే షరతు. ఇంట్లో ఒకరికి ఏదైనా కొనాలి, అది ఎలా తయారవుతుందో కొన్నచోటే అడిగి తెలుసుకోవాలి. బొగ్గుల వేడికి మెత్తబడ్డ లక్కను తాడులా సాగదీసి, గుండ్రంగా చుట్టి, చల్లారకముందే ఒక్కో రాయి గుచ్చుతారు. ఆ పనిచేసే వేళ్లను చూశాక గీచిగీచి బేరమాడబుద్ధి కాదు. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అక్కడి నుంచి బస్సులో సుల్తాన్ బజార్. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం చూడకుండా తెలుగు బడి పిల్లలు తిరిగి రాకూడదు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూగా ఉన్న కాలంలో, 1901లో, తెలుగు పుస్తకాల కోసం కొందరు పెద్దలు మొదలుపెట్టిన గ్రంథాలయం. చివరిగా 1935 నాటి మొజంజాహీ మార్కెట్, రాతి గడియార స్తంభం కింద ఐస్‌క్రీమ్. ఏడింటికి బస్సు కదిలితే పదిన్నరకల్లా ఊళ్లో ఉంటాం.

నా లెక్క ప్రకారం బస్సు, తిండి, టిక్కెట్లు, చేతి ఖర్చు కలిపి తలకు పదిహేను వందలు మించదు. చార్మినార్‌కు పదిహేనేళ్లలోపు పిల్లలకు టిక్కెట్టే లేదు. ఆడపిల్లల వెంట ఇద్దరు టీచరమ్మలు, పది మంది పిల్లలకొక పూర్వ విద్యార్థి ఉండాలి. హైదరాబాదులో స్థిరపడ్డ మనవాళ్లు ఈ సభలోనే ముప్పై మందికి తక్కువ లేరు. ఏడాదికి ఒక్క రోజు సెలవు పెట్టమంటున్నాను, అంతే.

తోరణం వద్దని నేననను. పేర్లు చెక్కించుకోవడమూ తప్పు కాదు. కానీ మిగిలే సొమ్ము రెంటికీ చాలదు. ఆ గేటులోంచి లోపలికి వచ్చే పిల్లలను ఏడాదికొక్కసారి బయటికి తీసుకుపోయే పని ముందు చేద్దాం. మొదటి ఏడాది బస్సు అద్దె నాది. చీటీల మీద ప్రశ్నలు మాత్రం నేను రాయను. మా సోషల్ సారు ఈ వేదిక మీదే ఉన్నారు. ఆయనే రాయాలి. సాయంత్రం ఓటుకు వచ్చేటప్పుడు అందరూ ఆలోచించుకుని రండి.